ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే

దౌల్తాబాదు అనగానే చదువుకున్నవాళ్లకు తుగ్లకు జ్ఞాపకం వస్తాడు. ఢిల్లీ జనాన్ని మూటాముల్లెతో దక్కనుకు నడిపించిన ఆ సుల్తాను కోట ఔరంగాబాదు పక్కన ఉంది. మా దౌల్తాబాదు అది కాదు. మాది వికారాబాదు జిల్లాలో, కొడంగల్ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. ఇంకాస్త పోతే కర్ణాటక. 1956 దాకా మా కొడంగల్ ప్రాంతం గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఆ తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసింది. 2016లో వికారాబాదు జిల్లాకు వచ్చింది. ఊరు ఉన్నచోటనే ఉండి మూడు జిల్లాలు తిరిగిందన్న మాట. మా ఇంటి వెనక కొట్టంలో ఉన్న మోటారుకారు మాత్రం పందొమ్మిదేళ్లు ఎక్కడికీ తిరగలేదు.

అది స్టాండర్డ్ హెరాల్డు, 1964 నాటి బండి. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డు పేరుతో 1959లో పుట్టిన ఈ కారును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు తయారుచేశారు. దాని రూపురేఖలు దిద్దినవాడు మికెలోటి అనే ఇటలీ దేశస్థుడు. ఇంజను 948 సీసీలు, అంటే ఇవాళ కుర్రాళ్లు నడిపే పెద్ద మోటారుసైకిలు ఇంజనుకు మించదు. ముందు భాగమంతా, చక్రాల మీది రేకులతో సహా, ఒక్క పెట్టె మూతలాగా ముందుకు ఒరుగుతుంది. అలా తెరిచిపెట్టి చక్రం మీద కూర్చుని రిపేరు చేసుకోవచ్చు. ఇరవై అయిదు అడుగుల జాగా ఉంటే చాలు, గిర్రున తిరిగిపోతుంది. ఎద్దుబండి తిప్పడానికే ఇద్దరు మనుషులు కావలసిన మా వాడకట్టులో మా నాయన దీన్ని ఎంచుకోవడానికి కారణం అదొక్కటే. అందం గిందం ఆయనకు పట్టలేదు.

ఇంతకూ ఈ సాధు జంతువుకు ఒక రేసుకారు చెల్లెలుంది. హెరాల్డు చట్రాన్నే పొట్టి చేసి, పైకప్పు తీసేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్సుకారు చేశారు. 1964లోనూ 1965లోనూ అది ఫ్రాన్సులో లె మాన్స్ పందెంలో ఇరవై నాలుగు గంటలూ పరుగెత్తి నిలిచింది. మద్రాసు దగ్గర షోలవరం విమానాల మైదానం మీద జరిగే పందేలలో మన హెరాల్డులు కూడా దుమ్ము రేపాయి. ఈ సంగతి మా నాయనకు తెలియదు. తెలిస్తే బండి అమ్మేసి ఉండేవాడు.

ఆయన తాండూరులో వకీలు. ఎడమ చెవి వినపడదు. మన దేశంలో డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లు ఎడమవైపే కదా కూర్చోవాలి! పైగా హెరాల్డు చప్పుడు. అంచేత మా అమ్మ నోటిపని మానేసి చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. అరచెయ్యి ఎత్తితే ముందు పశువులున్నాయని. వేళ్లు కిందికి ఆడిస్తే గుంత. చూపుడువేలు గుండ్రంగా తిప్పితే మలుపు. రెండు చేతులూ జోడించిందంటే రెండు అర్థాలు, దారిలో గుడి వచ్చిందనో, వేగం తగ్గించకపోతే నేను దిగిపోతాననో. వెనక సీట్లో నేనూ తమ్ముడూ ఆ సైగలు చూసి నవ్వుకునేవాళ్లం. అదొక గొప్ప విద్య అని తెలియడానికి నాకు అరవై నాలుగేళ్లు పట్టింది.

నాయన పోయాక కారు కొట్టంలో కందిపొట్టు బస్తాల పక్కన ఉండిపోయింది. దాన్ని బయటికి లాగించినవాడు మా తమ్ముని కొడుకు. ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికి కొత్త కార్లంటే చిన్నచూపు. టార్పాలిను ఎత్తి చూసి, "పెద్దనాయనా, దీన్ని బాగు చేయిస్తే రేసులకు తీస్కపోవచ్చు" అన్నాడు. సీటులోంచి ఎలుకలు రెండు దిగి వెళ్లిపోయాయి.

లారీ మీద హైదరాబాదు చేర్చి, నాంపల్లి వైపు ఒక గల్లీలో ఉన్న ఉస్తాదుకు అప్పగించాం. డెబ్బై దాటిన మనిషి. హెరాల్డును చూడగానే, పాత స్నేహితుడు ఆస్పత్రిలో కనిపించినట్టు, మొహం ఒకేసారి వెలిగి, దిగులుపడింది. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో నూనె పోసి ఎనిమిది రోజులు వదిలేశాడు. తొమ్మిదో రోజు పానాతో చేత్తోనే మెల్లగా తిప్పితే తిరిగింది. మావాడు స్టార్టు చేద్దామని తొందరపడ్డాడు.

"ఆగు బేటా. ఇంజన్ సంగతి తర్వాత. మొదలు బ్రేకులు చూద్దాం. నడవని బండి ఎవర్నీ చంపదు. ఆగని బండి చంపుతది."

బ్రేకులకు మూడు వారాలు పట్టింది. రబ్బరు గొట్టాలన్నీ పెళుసెక్కి బిస్కట్లలా విరిగాయి. పెట్రోలు ట్యాంకు నిండా తుప్పు. కొన్ని భాగాలు చెన్నైలో పుదుపేట పాత సామాన్ల దుకాణాల్లో దొరికాయి, కొన్ని లేతు మీద చేయించాం. ముందు చక్రాలు తిరిగేచోట హెరాల్డుకు ట్రనియన్ అని ఒక కీలు ఉంటుంది. దానికి గ్రీజు పనికిరాదు, గేరు ఆయిలే పోయాలి. తెలియనివాళ్లు గ్రీజు కుక్కుతారు. లోపల ఎండిపోయి ఒకరోజు విరిగి, చక్రం తన దారిన తాను పోతుంది. ఉస్తాదు ఇది మాకు మూడుసార్లు చెప్పాడు. పాత కార్ల వాళ్లు ఒకచోట చేరితే మాట్లాడుకునేవి ఇలాంటివే. వినేవాళ్లకు వెర్రి అనిపిస్తుంది. మా ఆవిడ అయితే ఇప్పటికీ ట్రనియన్ అంటే మందు పేరనుకుంటుంది.

అక్కడే నాకు ఆ పాత కార్ల మిత్రులు పరిచయమయ్యారు. ఒకాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, ఆయనకో ఫియట్ ఎలెవెన్ హండ్రెడ్. ఇంకొకాయన పంటి వైద్యుడు, మారిస్ మైనరు ఉంది. అప్పుడప్పుడూ ఆదివారం తెల్లవారుజామున దూరప్రయాణం పెట్టుకుంటారు. దాన్ని ర్యాలీ అంటారు. మావాడు అడిగాడు: "ర్యాలీ ఎందుకంకుల్, రేసే పెట్టుకోవచ్చు కదా?"

ఫియట్ ఆయన నవ్వి, "మా బండి పుట్టింటివాళ్లు పెట్టుకున్నారు నాయనా, ముప్పయ్యేళ్లు" అన్నాడు.

ఆ కథ చెప్పాలి. ఇటలీలో బ్రెషా అనే ఊరుంది. అక్కడి నుంచి రోము దాకా పోయి తిరిగి రావడం, సుమారు వెయ్యి మైళ్లు. అందుకే మిల్లె మీలియా, అంటే 'వెయ్యి మైళ్లు' అని పేరు. 1927లో మొదలైంది. దీనికి వేరే మైదానం లేదు. జనం నడిచే రోడ్లే, ఊళ్ల మధ్య నుంచే. పెద్ద ఫెరారీలూ మెర్సిడెసులూ ఒకవైపు, మన ఫియట్ ఎలెవెన్ హండ్రెడ్ లాంటి సంసారపక్షపు కార్లు ఒకవైపు, అన్నీ ఒకే రోడ్డు మీద. 1955లో స్టిర్లింగ్ మాస్ అనే ఇంగ్లీషు యువకుడు మెర్సిడెస్ కారులో ఈ వెయ్యి మైళ్లనూ 10 గంటల 7 నిమిషాల 48 సెకండ్లలో ముగించాడు. సగటున గంటకు 157 కిలోమీటర్ల పైచిలుకు! ఊళ్లూ కొండలూ వంతెనలూ అన్నీ కలుపుకుని సగటు అది. ఆ రికార్డును తర్వాత ఎవరూ దాటలేదు.

మాస్ పక్కన కూర్చున్నవాడు జెంకిన్సన్ అనే గడ్డపు పత్రికా విలేఖరి. ఇద్దరూ ముందుగా దారంతా తిరిగి చూసి, ప్రతి మలుపూ ప్రతి మిట్టా పద్దెనిమిది అడుగుల కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితాన్ని చుట్ట చుట్టి ఒక పెట్టెలో బిగించి, జెంకిన్సన్ దాన్ని తిప్పుకుంటూ చదివేవాడు. ఆ రొదలో మాట వినపడదు. అంచేత చదివింది చేతి సైగలతో చెప్పాడు. మిట్టకు అవతల ఏముందో కనపడకపోయినా ఆ చెయ్యి చెప్పినదాన్ని నమ్మి మాస్ కాలు తీయకుండా దూకించాడు.

ఫియట్ ఆయన ఈ సంగతి చెబుతుంటే నాకు వెనక సీట్లో కూర్చుని నవ్విన రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది. మా అమ్మకు పద్దెనిమిది అడుగుల కాగితం కూడా లేదు.

రెండేళ్లు తిరిగాయి. 1957 మే 12. పందెం ఇంకాసేపటిలో ముగుస్తుందనగా, గ్విడిజోలో అనే ఊరి దగ్గర డి పోర్టాగో అనే స్పెయిన్ దొర నడుపుతున్న ఫెరారీ టైరు పేలిపోయింది. కారు గాలిలోకి లేచి రోడ్డు పక్కన చూస్తున్న జనం మీద పడింది. అతనూ, అతని పక్కవాడు నెల్సనూ పోయారు. చూడవచ్చినవాళ్లలో తొమ్మిది మంది పోయారు. వాళ్లలో అయిదుగురు పిల్లలు. వాళ్లు తమ ఊరి రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, అంతే. ఆ పందెం ఆ ఏటితో ఆగిపోయింది.

1977లో మళ్లీ మిల్లె మీలియా అన్న పేరుతోనే మొదలుపెట్టారు గాని, అది పందెం కాదు. 1927 నుంచి 1957 దాకా అసలు పందెంలో పరుగెత్తిన రకాల కార్లకే ప్రవేశం. ఆ లెక్కన ఫియట్ ఎలెవెన్ హండ్రెడ్ పోవచ్చు, మా హెరాల్డు పోరాదు, పుట్టిందే 1959లో కాబట్టి. దీంట్లో గెలుపు వేగానిది కాదు, లెక్కది. ఫలానా చోటికి ఫలానా నిమిషానికి, ఫలానా సెకండుకు చేరాలి. ఆలస్యమైతే మార్కులు పోతాయి. ముందొచ్చినా పోతాయి. మన దేశంలో కూడా పాత కార్ల ర్యాలీలు చాలామట్టుకు ఈ పద్ధతివే. ఉదాహరణకు 48 కిలోమీటర్ల దారి, సగటు 36 అని చెప్పారనుకోండి. 80 నిమిషాలు పట్టాలి. దారిలో రైలు గేటు పడినా, టీ తాగినా, మేకలు అడ్డమొచ్చినా 80 నిమిషాలే. పక్కన కూర్చున్నవాడు గడియారమూ, మైలురాళ్లూ, దారి పటమూ చూసుకుంటూ "మెల్లగా, మెల్లగా" అనో "కానీ, కానీ" అనో చెబుతూ ఉండాలి. చెప్పినంత సులువు కాదు సుమండీ. మొదటిసారి నేను పెళ్లికి వెళ్లినట్టు పావుగంట ముందు పోయి మార్కులన్నీ పోగొట్టుకున్నాను.

అసలు మోటారుకార్లు దూరం పోవడమన్నది మొదటి నుంచీ చేరడం గురించే గాని వేగం గురించి కాదు. 1907లో పెకింగు నుంచి పారిస్‌కు అయిదు బళ్లు బయలుదేరాయి. రోడ్లు లేవు. గోబీ ఎడారిలో ఒక మూడు చక్రాల బండి ఆగిపోయింది. ఇటలీ రాకుమారుడు బోర్గేసే నడిపిన ఇటాలా కారు సైబీరియాలో కొయ్య వంతెన విరిగి కిందపడింది. చక్రం విరిగితే ఒక రష్యా వడ్రంగి గొడ్డలితో చెక్కి బాగుచేశాడు. అయినా జూన్ 10న బయలుదేరి ఆగస్టు 10న పారిస్ చేరాడు. మిగిలినవాళ్లు రావడానికి ఇంకో ఇరవై రోజులు పట్టింది. గెలిచినవాడికి బహుమతి ఒక పెద్ద సీసా షాంపేను.

మన దక్కనులో కూడా అలాంటిదొకటి జరిగింది. 1908లో బొంబాయి నుంచి కొల్హాపూరు దాకా, ఆరు ఘాట్లు ఎక్కి దిగుతూ 620 మైళ్ల పరీక్ష పెడితే, ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు ఎక్కడా మొరాయించకుండా పోయి గెలిచింది. దాన్ని తర్వాత గ్వాలియరు మహారాజా కొనుక్కున్నాడు. రోల్స్‌రాయిస్ పేరు మన సంస్థానాల్లో మోగిపోవడానికి ఆ ఘాట్లు కూడా ఒక కారణం. మూడేళ్లకు హైదరాబాదు ఆరో నిజాము మహబూబ్ అలీఖాను అదే జాతి కారు ఒకటి, పసుప్పచ్చనిది, వెనక సింహాసనం లాంటి ఆసనంతో చేయించుకున్నాడు. అది చేతికి రాకముందే 1911లో ఆయన పోయాడు. ఏడో నిజాము ఉత్సవాలకు వాడిన ఆ కారును చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడవచ్చు. మెరిసిపోతూ ఉంటుంది. ఎన్ని దశాబ్దాలున్నా కొద్ది వందల మైళ్లు మాత్రమే తిరిగిందని చెబుతారు. దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు మహారాజు గారి ఆడపడుచు గుర్తొస్తుంది, అన్నీ ఉన్నాయి, గడప దాటలేదు.

ఈ మాట ఎందుకన్నానంటే, సరిగ్గా ఇదే చిక్కు మా హెరాల్డుకు వచ్చింది. బాగుచేయడం అయ్యాక కాగితాల పని మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 2021లో పాత బళ్లకు కొత్త నిబంధనలు పెట్టింది. మొదట రిజిస్టరై యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండిని 'వింటేజి' కింద నమోదు చేసుకోవచ్చు. ఇంగ్లండులో అయితే 1919 నుంచి 1930 దాకా పుట్టినవాటినే వింటేజి అంటారు. మన దగ్గర యాభై నిండితే చాలు, మనుషులకు వానప్రస్థం లాగా. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత తిరిగి చేయించడానికి 5,000. గౌరవంగా ఉంటుంది. అయితే ఒక షరతు. ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పరిశోధనకూ, పెట్రోలు పోయించడానికీ, రిపేరుకూ మాత్రమే తీయాలి. రెండో దారి, మామూలు బండిలాగే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవడం. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుము 2025లో 10,000 అయింది. పరీక్షలో తప్పితే బండి ఇంటికే.

మావాడు వింటేజి అన్నాడు. "పెద్దనాయనా, ర్యాలీలకు పోనిస్తరు, షోలల్ల పెట్టొచ్చు, రేటు పెరుగుతది. మామూలుగ తిప్పుతే పాడైపోతది." వాడి లెక్క తప్పు కాదు. ఫియట్ ఆయన కూడా అదే చేశాడు. నాకు కూడా సగం మనసు అటే ఉండేది. ఆ వారమే ఊరి నుంచి అమ్మ ఫోను చేసింది. ఆమెకు ఎనభై ఆరు. హైదరాబాదు రమ్మంటే రాదు.

"బండి బాగైందంట గద? ఒకసారి దౌల్తాబాదుకు పట్కరా. నన్ను తాండూరు కాడికి తీస్కపోదువు. కండ్ల డాక్టరు కాడికి పోయి శానా దినాలైంది."

కళ్ల డాక్టరు దగ్గరికి పోవడం ప్రదర్శన కాదు, పరిశోధన కాదు. నిబంధనల్లో ఆ మాట లేదు. నేను కాగితం మీద సంతకం పెట్టకుండా మడిచి జేబులో పెట్టుకుని మామూలు పరీక్షకే బండిని పంపాను. ఉస్తాదు చేతి బ్రేకులు గనక గట్టెక్కింది. మావాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

గడిచిన మాఘమాసంలో ఒక ఆదివారం మూడు కార్లూ దౌల్తాబాదు బయలుదేరాయి. పొద్దున్నే ఆరింటికి లంగర్‌హౌజ్ దాటాం. దారి పటం పంటి డాక్టరుగారు గీశారు. సగటు గంటకు 36. మావాడు నా పక్కన గడియారంతో కూర్చున్నాడు. మొయినాబాదు నుంచి మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు పక్కలా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నాయని లెక్కపెట్టిన పెద్దలున్నారు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వాటి మీద ఏళ్ల తరబడి తగాదా నడిచింది. తెల్లవారుజామున ఆ ఊడల కింద హెరాల్డు హార్ను మోగిస్తూ పోతుంటే నాకు వెనక సీటు వాసన వచ్చింది, పాత రెగ్జినూ, పెట్రోలూ, అమ్మ సద్దికట్టిన జొన్నరొట్టెలూ. మన్నెగూడ చౌరస్తాకు సరిగ్గా చేరాం. ఒక్క మార్కు పోలేదు.

మన్నెగూడ నుంచి పరిగి మీదుగా నేరుగా కొడంగల్ పోవచ్చు. మేము వికారాబాదు మలుపు తిరిగాం. అనంతగిరి ఘాటు ఎక్కించకపోతే పాత కారును దూరం తీసుకెళ్లినట్టే కాదని ఫియట్ ఆయన సిద్ధాంతం. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. కొండెక్కిన కాసేపటికే హెరాల్డు దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. ఎండ ఎక్కువ కాదు గాని ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయింది. దీనికి విరుగుడు తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి, జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చున్నట్టు కూర్చోవాలి. కూర్చున్నాం. కోతులు వచ్చి చూసి పోయాయి. ఇరవై రెండు నిమిషాలు ఆలస్యం.

ఇక్కడ నేను చేసిన పని చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే తప్పు.

ఘాటు దిగాక మావాడు లెక్కలు వేసి, "పెద్దనాయనా, డెబ్బైల పోతే తాండూరు వరకు కలుస్తం" అన్నాడు. పోవచ్చు అనిపించింది. రోడ్డు బాగుంది, బండి హాయిగా పాడుతోంది. ఉస్తాదు చెప్పినవి గాలికి పోయాయి. డెబ్బై, డెబ్బై అయిదు. ధారూరు దాటాక ఒక మలుపు. హెరాల్డుతో మలుపులో తొందరపడకూడదు, వెనక చక్రాలు మడమ మడిచినట్టు లోపలికి ముడుచుకుంటాయి. అది తెలిసే తిప్పాను. మలుపు అవతల రోడ్డు నిండా మేకలు. వాటి మధ్య ఎర్ర స్వెటరు వేసుకున్న ఒక పిల్లవాడు, పదేళ్లుంటాయేమో. పారిపోలేదు. కారును చూస్తూ నిలబడ్డాడు. ఇలాంటి కారు వాడు ఎప్పుడూ చూసి ఉండడు.

రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను. బండి పక్కకు జారి, రోడ్డు దిగి, మట్టిలో ఆగింది. పిల్లవాడికీ బానెట్టుకూ మధ్య ఒక మేక పట్టేంత జాగా ఉంది. నేను లెక్క కోసం చెప్పడం లేదు, నిజంగానే అక్కడొక మేక నిలబడి ఉంది.

వాడు దగ్గరికొచ్చి బానెట్టు మీద చెయ్యి వేసి, "ఇది ఏం కారు?" అని అడిగాడు. నాకు మాట రాలేదు. మావాడే దిగి, పేరు చెప్పి, బానెట్టు ఎత్తి చూపించాడు. వాడి చేతులు వణుకుతున్నాయి. గ్విడిజోలో పిల్లలు కూడా ఇలాగే, ఇంకోసారి చూడలేని కారు వస్తోందని, రోడ్డు పక్కకు వచ్చి నిలబడి ఉంటారు. ఆ మాట మేమిద్దరం అనుకోలేదు. తాండూరు దాకా ఏమీ అనుకోలేదు. మావాడు గడియారం తీసి జేబులో వేసుకున్నాడు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున కరెంటు కార్ల అంతర్జాతీయ పందెం జరిగింది. ఫ్రాన్సు వాడు వెర్న్ గెలిచాడు. రోడ్డుకు రెండు పక్కలా గోడలు కట్టి, జాలీలు బిగించి, పిట్ట దూరే సందు లేకుండా చేశారు. అప్పుడు నేను, 'ఇదేం పందెం, బోనులో పరుగు' అని ఎగతాళి చేశాను. ఆ ఎగతాళిని వెనక్కి తీసుకుంటున్నాను.

తాండూరు నాపరాళ్ల గుట్టల మధ్య నుంచి, కాగ్నా వంతెన దాటి, కొడంగల్ మీదుగా దౌల్తాబాదు చేరేసరికి మధ్యాహ్నమైంది. నల్లరేగడి చేలల్లో కంది కోసిన మోళ్లు. మా వాడకట్టులోకి మూడు కార్లు రావడంతో సగం ఊరు పోగైంది. మారిస్ మైనరు తిరగలేక రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడింది. హెరాల్డు ఒక్క తిప్పుతో తిరిగి నాయన ఆపేచోటనే ఆగింది. అమ్మ గడపలో నిలబడి ఉంది. కారును చూడలేదు, నా మొహం చూసింది.

"ఏమైంది?"

చెప్పాను. మేకలు, పిల్లవాడు, డెబ్బై అయిదు, అన్నీ. ఆమె ఏమీ అనలేదు. అన్నాలు పెట్టింది. మర్నాడు పొద్దున చీర మార్చుకుని వచ్చి, మావాణ్ని వెనక్కి పొమ్మని, తాను ఎడమ సీట్లో కూర్చుంది.

కొడంగల్ దాటి తాండూరు రోడ్డు పట్టాం. మావాడు వెనక నుంచి గడియారం తీశాడు, అలవాటు పోలేదు. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు రెండు చెవులూ బాగానే వినపడతాయి. అయినా ఆమె నోరు తెరవలేదు. కాగ్నా వంతెన ఇంకా కనపడకముందే కుడి అరచెయ్యి ఎత్తింది. నాకు ఎదురుగా ఏమీ లేదు. అయినా వేగం తగ్గించాను. మలుపు తిరిగేసరికి వంతెన మొదట్లో ఎనిమిది బర్రెలు, తీరిగ్గా.

"నాయనమ్మా, నీకెట్ల తెలిసింది?" అన్నాడు మావాడు.

"ఈ యాళకు నీళ్లకు తోల్కొస్తరు," అంది అమ్మ.

బర్రెలన్నీ దాటేదాకా ఆగాం. డాక్టరుగారి వాకిట్లో బండి ఆపాక మావాడు గడియారం చూసి, పదకొండు నిమిషాలు లేటు అన్నాడు. అమ్మ తలుపు తీసుకుని దిగుతూ, "మీ తాతైతే ఇంకా కొడంగల్ల చాయ్ తాగుతుండు," అంది.